పలకని గెస్ట్: మెయిన్‌ఫ్రేమ్‌లో వర్చువల్ మెషీన్ ఆగిందంటే ఏది ఆగినట్టు?

"గెస్ట్ రెస్పాండ్ కావడం లేదు." మెయిన్‌ఫ్రేమ్ సపోర్టు టికెట్లలో ఇంత తరచుగా కనబడే వాక్యం ఇంకోటి లేదేమో. ఇంత తక్కువ చెప్పే వాక్యం కూడా లేదు. అమెరికా బ్యాంకుకు అది పగటి వేళ, మనకు రాత్రి షిఫ్టు. మీర్‌పేట్‌లోనో కర్మన్‌ఘాట్‌లోనో ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చున్న ఇంజినీరుకు ఆ టికెట్ వస్తుంది. ఆగిపోయిందంటున్నది ఐబీఎం హైపర్‌వైజర్ జెడ్/వీఎం మీద గెస్ట్‌గా నడిచే లినక్స్ కావచ్చు, జెడ్/ఓఎస్ కావచ్చు, ఒక్కోసారి దాని లోపల నడుస్తున్న మరో జెడ్/వీఎమ్మే కావచ్చు. పింగ్‌కు బదులు లేదు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ రాదు. ఆ తర్వాతి పది పదిహేను నిమిషాల్లో ఏం చేస్తాం, ఏం చేయాలి అన్నదే ఈ సమీక్షకు విషయం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఒక్క వాక్యం వెనక ఒకదానికొకటి సంబంధం లేని అరడజను పరిస్థితులుంటాయి. వాటిలో కొన్నింటిలో గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఏ జబ్బూ ఉండదు. అన్నింటికీ ఒకే మందుగా ఫోర్స్ చేసి (బలవంతంగా దింపి) మళ్లీ ఐపీఎల్ (బూట్) చేయడం మన షిఫ్టుల్లో అలవాటైపోయింది. మొదట అడగాల్సింది "ఎలా లేపాలి" అని కాదు, "అది దేనికోసం ఆగింది" అని. దానికి జవాబు గెస్ట్ దగ్గర ఉండదు, దాని కింద ఉన్న సీపీ దగ్గర, అంటే కంట్రోల్ ప్రోగ్రామ్ దగ్గర ఉంటుంది. సీపీని అడగడం మనవాళ్లలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

ఎందుకు నేర్పలేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. వర్చువల్ మెషీన్ క్లౌడ్‌తో పుట్టిన సంగతి కాదు. అమెరికాలోని ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో రాబర్ట్ క్రీసీ బృందం సీపీ-40ని 1967 నాటికే వాడుకలోకి తెచ్చింది. తర్వాత సీపీ-67 వచ్చింది. 1972 ఆగస్టు 2న ఐబీఎం వీఎం/370ని ప్రకటించింది. ఇవాళ్టి జెడ్/వీఎం ఆ వంశంలోదే. అప్పటి ఆదేశాలు చాలావరకు అవే పేర్లతో ఇప్పటికీ పనిచేస్తాయి. మన దేశంలో మాత్రం ఆ విద్యకు మధ్యలో గండి పడింది. 1978లో ఐబీఎం ఇండియా వదిలి వెళ్లింది. దాని యంత్రాల నిర్వహణ ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేతికి వచ్చింది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ తన టీడీసీ కంప్యూటర్లు తాను తయారుచేసుకుంటోంది. మెయిన్‌ఫ్రేమ్ మళ్లీ మన జంటనగరాల పిల్లల దాకా వచ్చింది 1990ల చివర్లో, వై2కే పుణ్యమా అని. అప్పుడు గిరాకీ ఉన్నది కోబాల్‌కు, జేసీఎల్‌కు, సీఐసీఎస్‌కు, డీబీ2కు. అమీర్‌పేటలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ శిక్షణ సంస్థలు నేర్పినవి అవే. ఆ చదువు ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, దాన్ని తక్కువ చేయను. కానీ అది అప్లికేషన్ రాసేవాళ్ల చదువు. యంత్రం కింద ఏం జరుగుతుందో అందులో లేదు. తర్వాత నగరం పని స్వభావమే మారింది. సీఏ టెక్నాలజీస్ లాంటి కంపెనీలు మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్‌నే ఇక్కడ తయారుచేశాయి (2018లో ఆ కంపెనీని బ్రాడ్‌కామ్ కొనేసింది). సిస్టమ్స్ సపోర్టు పనులూ వచ్చాయి. కోర్సుల పట్టికలు మాత్రం, నేను చూసినంతవరకు, వై2కే నాటి దగ్గరే ఎక్కువగా ఆగి ఉన్నాయి.

ఇక అసలు విషయం. పలకని గెస్ట్ విషయంలో నెట్‌వర్క్‌ను నమ్మి తీర్పు చెప్పకూడదు. పింగ్ రాకపోతే చచ్చింది గెస్టో, దానికి వెళ్లే దారో తెలియదు. జెడ్/వీఎం లోపల వీస్విచ్ అనే వర్చువల్ స్విచ్ ఉంటుంది. దాని కింద ఓఎస్‌ఏ కార్డు, దాని అవతల డేటా సెంటర్ స్విచ్చులు. ఆ గెస్ట్‌కు వీస్విచ్ వాడే అనుమతి ఇవ్వకపోయినా, వీల్యాన్ నంబరు తప్పినా, లోపల లినక్స్ హాయిగా నడుస్తూనే బయటివాళ్లకు మూగబోతుంది. క్వెరీ వీస్విచ్ డీటెయిల్స్ అన్న ఆదేశం ఒక నిమిషంలో ఆ సంగతి తేల్చేస్తుంది. అదే వీస్విచ్ మీద ఉన్న పక్క గెస్ట్‌లు పలుకుతున్నాయా లేదా అన్నది అంతకన్నా త్వరగా తేలుతుంది. ఇక్కడ ఇంతకంటే ఆగాల్సింది లేదు.

ఆగి చూడాల్సింది కన్సోల్ దగ్గర. 3270 టెర్మినల్ తెర కింద కుడి మూలన చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: రన్నింగ్, వీఎం రీడ్, సీపీ రీడ్, మోర్, హోల్డింగ్. కొత్తవాళ్ల కన్ను ఆ మూలకు పోదు. నా లెక్కలో ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే విలువైన స్థలం అదే.

మోర్ అని ఉంటే తెర నిండింది, ఇంకా రాయాల్సింది ఉంది అని అర్థం. మామూలుగా ఒక నిమిషంలో తెర దానంతటదే తుడుచుకుపోతుంది. ఎవరైనా ఆ సమయంలో ఎంటర్ కొడితే అది హోల్డింగ్ అవుతుంది. అప్పుడు క్లియర్ కొట్టేదాకా కదలదు. కన్సోల్ మీద రాయాల్సిన లినక్స్ రాసింది దాచుకుంటూ పోతుంది, ఆ బఫర్ నిండాక రాసే ప్రాసెస్‌లు ఆగుతాయి, వాటి వెనక మిగతావి ఆగుతాయి. సిస్టమ్ మొత్తం హ్యాంగ్ అయినట్టే కనబడుతుంది. తెరిచిన 3270 సెషన్‌ను అలాగే వదిలేసి టీకి వెళ్లినా ఇంత జరగొచ్చు. అందుకే లినక్స్ గెస్ట్‌ల ప్రొఫైల్‌లో టెర్మ్ మోర్ విలువలను సున్నాకు దించి పెట్టమంటారు. తెర ఆగకుండా జరిగిపోతుంది, చదవాలనుకునేవాళ్లు స్పూల్ చేసిన కన్సోల్ లాగ్ చదువుకుంటారు.

సీపీ రీడ్ దీనికంటే ప్రమాదకరం. గెస్ట్ ఆగిపోయింది, సీపీ మీ ఆదేశం కోసం చూస్తోంది అని దాని అర్థం. పీఏ1 కీ నొక్కితే అక్కడికే చేరతాం. పీఏ1 నొక్కకుండా కూడా చేరతాం. డిస్‌కనెక్ట్ చేసి వదిలిన గెస్ట్ యూజర్ ఐడీలోకి, సంగతేంటో చూద్దామని లాగాన్ అయితే చాలు. సెట్ రన్ ఆన్ అన్న ఆదేశం ముందే ఇచ్చి ఉండకపోతే, మీరు కనెక్ట్ అయిన క్షణంలో గెస్ట్ నిలిచిపోతుంది. నెమ్మదిగానైనా నడుస్తున్నదాన్ని పరీక్షకు వెళ్లినవాడే పూర్తిగా ఆపేస్తాడు. బిగిన్ అని టైప్ చేస్తే అది మళ్లీ నడుస్తుంది. బిగిన్ ఇచ్చి, గెస్ట్ నడుస్తోందని చూసుకుని, ఆ తర్వాతే డిస్‌కనెక్ట్ కావాలి. అంతకన్నా మేలు, ప్రతి గెస్ట్ ప్రొఫైల్‌లోనూ రన్ ఆన్ ఉండేట్టు చూడటం. ఇంత చిన్న సెట్టింగు లేక నిలిచిపోయే గెస్ట్‌లున్నాయంటే, అక్కడ కావాల్సింది మరింత తెలివైన ఇంజినీర్లు కాదు, మరింత శ్రద్ధగా రాసిన ప్రొఫైల్.

దీనికి తోడు పదిహేను నిమిషాల గడువు ఒకటుంది. డిస్‌కనెక్ట్ అయి ఉన్న గెస్ట్ కన్సోల్ నుంచి ఇన్‌పుట్ కోరినా, మళ్లీ లేవలేని వెయిట్ స్థితిలో పడినా, దాని తరఫున చూసే సెకండరీ యూజర్ ఎవరూ లేకపోతే, మామూలు అమరికలో సీపీ పదిహేను నిమిషాలు చూసి దాన్ని లాగాఫ్ చేసేస్తుంది. టికెట్ చేతికొచ్చేసరికి క్వెరీ నేమ్స్‌లో ఆ పేరే కనబడదు. "ఎవరో లాగాఫ్ చేసినట్టున్నారు" అని రాసి, ఎక్స్‌ఆటోలాగ్‌తో మళ్లీ లేపి, టికెట్ మూసేస్తారు. నిజానికి జరిగింది కెర్నల్ పానిక్. దాని ఆనవాళ్లు మెమరీతో పాటే పోయాయి. కన్సోల్‌ను స్పూల్ చేయించడం, సెకండరీ యూజర్‌ను పెట్టడం ఈ నష్టానికి విరుగుడు. రెండూ ముందే చేసి ఉండాల్సినవి, ఆ రాత్రి గుర్తొస్తే పనికిరావు.

కన్సోల్ మూలన రన్నింగ్ అనే ఉండి, గెస్ట్ మాత్రం పలకడం లేదనుకుందాం. అప్పుడు వేరే యూజర్ ఐడీ నుంచి, తగిన అధికారంతో, ఇండికేట్ యూజర్ ఆదేశం రెండు సార్లు, మధ్యలో కొన్ని సెకన్లు ఆగి ఇవ్వాలి. గెస్ట్ వాడిన సీపీయూ సమయం, చేసిన ఐఓల లెక్క, దాని పేజీలు ఎక్కడున్నాయన్నది కనబడతాయి. సీపీయూ సమయం గడియారంతో సమానంగా పరుగెడుతూ ఐఓ లెక్క కదలకపోతే అది లూప్. రెండూ కదలకపోతే అది దేనికోసమో ఎదురుచూస్తోంది. ఆ తర్వాత ఇండికేట్ క్యూస్ చూడాలి. ప్రతి గెస్ట్ పక్కన అది ప్రాసెసర్ మీద ఉందా, పేజీ కోసం చూస్తోందా, ఐఓ కోసం చూస్తోందా, పని లేక తనంతట తాను వెయిట్‌లో ఉందా అన్నది రెండు అక్షరాల్లో చెబుతుంది.

ఆ జాబితాలో పెద్ద పనుల క్యూ అయిన క్యూ3కి బదులు ఇ3 అని కనబడితే దాని కథ వేరు. ఇ అంటే ఎలిజిబుల్ లిస్ట్. గెస్ట్ పనికి సిద్ధంగా ఉంది, సీపీయే దాన్ని లోపలికి రానివ్వడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో నిండిన ఆర్టీసీ బస్సును అందుకోలేక నిలబడ్డ మనిషికి ఒంట్లో బాగాలేదని ఎవరూ అనరు. ఇ3లో ఉన్న గెస్ట్‌ను రీస్టార్ట్ చేయడం ఆ మనిషిని ఆస్పత్రికి పంపడం లాంటిది.

ఈ సమస్య లినక్స్‌కు ప్రత్యేకంగా ఎందుకు పట్టుకుందో చెప్పుకోవాలి, ఈ ప్రశ్న చరిత్రలో అది ముఖ్యమైన ఘట్టం. వీఎం షెడ్యూలర్ తయారైన కాలంలో గెస్ట్ అంటే ఎక్కువగా సీఎంఎస్ అనే ఇంటరాక్టివ్ సిస్టమ్ వాడే మనిషి. ఆదేశం ఇస్తాడు, జవాబు చదువుతాడు, ఆలోచిస్తాడు. ఆ విరామంలో గెస్ట్ క్యూ నుంచి తప్పుకుంటుంది, సీపీ దాని మెమరీని వెనక్కి తీసుకోగలుగుతుంది. 1999 డిసెంబరులో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ లినక్స్ కోడ్‌ను బయటపెట్టింది. ఆ లినక్స్‌కు సెకనుకు వందసార్లు టైమర్ కొట్టేది. పని ఉన్నా లేకున్నా సెకనులో నూరోవంతుకు ఒకసారి లేచి చూసుకుంటుంది కాబట్టి, సీపీ కంటికి అది ఎప్పుడూ పనిలో ఉన్నట్టే, పెద్ద పనిలో ఉన్నట్టే. అందుకే అది క్యూ3లోకి చేరి అక్కడే ఉండిపోయేది. డేవిడ్ బోయెస్ అనే ఇంజినీరు 2000లో ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద 41,400 లినక్స్ గెస్ట్‌లను లేపి చూపించినప్పుడు లోకం ఆ సంఖ్యను చూసి ఆశ్చర్యపోయింది. నిజమైన పని చేసే లినక్స్‌లను వందల్లో నడపాలంటే ఆ టైమర్ సంగతి తేల్చక తప్పలేదు. జర్మనీలో ఐబీఎం బోబ్లింగెన్ ల్యాబ్‌లో లినక్స్ మీద పనిచేసినవాళ్లు, పని లేనప్పుడు టైమర్ కొట్టకుండా మార్పు తెచ్చారు. తర్వాత ఆ ఆలోచనే మామూలు కెర్నల్‌లోకీ వచ్చింది. సీపీ వైపున స్టార్‌బఫ్ అనే మెమరీ పరిమితికి పాత విలువలు 125, 105, 95 శాతాలుండేవి. లినక్స్ నడిపేచోట వాటిని 300, 250, 200కు పెంచడం ఆనవాయితీ అయింది. ముఖ్యమైన గెస్ట్‌కు క్విక్‌డిస్ప్ అనే మినహాయింపు ఇస్తే అది ఎలిజిబుల్ లిస్ట్‌లో ఆగకుండా నేరుగా లోపలికి వెళుతుంది. అందరికీ క్విక్‌డిస్ప్ ఇచ్చేసే చోట్లున్నాయి. అప్పుడు సీపీకి అదుపు చేసే సాధనమే లేకుండా పోయి, గెస్ట్‌లన్నీ మెమరీ మీద పడతాయి.

మెమరీ దగ్గరికి వస్తే పరిస్థితి ఒక గెస్ట్‌కు పరిమితం కాదు. ఉన్నదానికంటే ఎక్కువ మెమరీని గెస్ట్‌లకు పంచి, తేడాను పేజింగ్ డిస్కులతో సర్దడమే వీఎం ఆర్థిక బలం. అతిగా పంచితే గెస్ట్‌లన్నీ పేజీ కోసం క్యూ కడతాయి, టికెట్లు ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. ఒకేసారి మూడు నాలుగు గెస్ట్‌లు పలకడం లేదంటే ఏ ఒక్కదాని లాగ్ కూడా తెరవక ముందు పేజింగ్ స్థలం ఎంత నిండిందో చూడాలి. అది 90 శాతం దాటితే సీపీ ఆపరేటర్‌కు హెచ్చరిక పంపుతుంది. పూర్తిగా నిండితే పీజీటీ004 అనే అబెండ్‌తో జెడ్/వీఎమ్మే పడిపోతుంది, దాని మీదున్నవన్నీ దాంతో పోతాయి. సగానికి మించి నిండనివ్వకూడదన్నది ఈ రంగంలో పాత నియమం. ఆ సగం ఖర్చు దండగ అనుకునే మేనేజర్లకు పీజీటీ004 గురించి చెప్పడం సిస్టమ్స్ ప్రోగ్రామర్ బాధ్యత.

ఇక గెస్టే నిజంగా చనిపోయిన సందర్భం. ఈ యంత్రాల్లో ప్రోగ్రామ్ స్టేటస్ వర్డ్, వాడుకలో పీఎస్‌డబ్ల్యూ, తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామాను, ఏ ఇంటరప్టులకు తలుపు తెరిచి ఉందన్న సంగతిని దాచుకుంటుంది. పని లేని ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటరప్టులు తెరిచి ఉంచి వెయిట్‌లోకి వెళుతుంది. ఏదైనా రాగానే లేస్తుంది. ఇంటరప్టులన్నీ మూసేసి వెయిట్‌లోకి వెళితే దాన్ని లేపేది ఇంకేదీ ఉండదు. అదే డిసేబుల్డ్ వెయిట్. అది ప్రమాదవశాత్తు జరిగేది తక్కువ. ఇక నడవలేనని ఆపరేటింగ్ సిస్టమ్ కావాలని పెట్టే చివరి గుర్తు అది. జెడ్/ఓఎస్ అయితే ఆ చివరి అంకెల్లో కారణం కోడ్ పెట్టి పోతుంది, వాటి అర్థాలకు మాన్యువల్ ఉంది. సీపీ దాన్ని గమనించి 450 నంబరు సందేశంలో ఆ పీఎస్‌డబ్ల్యూను మొత్తం అచ్చువేస్తుంది. టికెట్‌లోకి ఎక్కాల్సిన మొదటి విషయం ఆ అంకెలు. "సిస్టమ్ డౌన్, రీస్టార్టెడ్" అన్న రెండు మాటలు రాసి ఆ అంకెలు రాయకపోతే, మళ్లీ వచ్చే నెల అదే రాత్రి ఇంకొకరికి తప్పదు.

డిస్క్ వైపు నుంచి వచ్చే ఆగడం మరోరకం, దానికి ఓపిక కావాలి. స్టోరేజీకి దారులన్నీ పోయినప్పుడు ఐఓలను తిరస్కరించకుండా క్యూలో పెట్టమని మల్టీపాథ్‌లో రాసి ఉంటే లినక్స్ చావదు, అనంతంగా ఎదురుచూస్తుంది. ఇంకో సిస్టమ్ డిస్క్‌ను రిజర్వ్ చేసి వదలకపోయినా ఇంతే. ఇలాంటి గెస్ట్‌ను ఫోర్స్ చేస్తే "లాగాఫ్/ఫోర్స్ పెండింగ్" అని వచ్చి అక్కడే వేలాడుతుంది, ఎందుకంటే పూర్తికాని ఐఓ ముగిసేదాకా సీపీ ఆ గెస్ట్‌ను విడదీయలేదు. ఫోర్స్ మీద ఫోర్స్ కొట్టడం దానికి జవాబు కాదు. ఏ డివైస్ మీద ఐఓ ఆగిందో కనుక్కుని ఆ డివైస్ సంగతి చూడాలి.

ఈ రంగంలో ఇంకా తెగని వాదం ఒకటుంది: ముందు డంప్ తీయాలా, ముందు సర్వీసు లేపాలా? బ్యాంకు వైపు నుంచి చూస్తే ప్రతి నిమిషం డబ్బు. సీపీ ఇచ్చే వీఎండంప్ ఆదేశానికి ఏ ముందస్తు ఏర్పాటూ అక్కర్లేదు, కానీ నెమ్మది. డంప్ అయ్యేంతసేపూ గెస్ట్ ఆగే ఉంటుంది. పెద్ద మెమరీ ఉన్న లినక్స్‌కు అది భరించలేని సమయం. ముందే సిద్ధం చేసిన డంప్ డిస్క్‌కు స్టాండలోన్ డంప్ తీస్తే వేగం. కెడంప్ అమర్చి ఉంటే ఇంకా సులువు. పానిక్ అయితే డంప్ తీసి వెంటనే మళ్లీ ఐపీఎల్ కావాలని లినక్స్‌కు ముందే చెప్పి ఉంచవచ్చు. కాబట్టి డంపా, సర్వీసా అన్న వాదన నిజానికి సన్నాహం లేని చోట మాత్రమే పుడుతుంది. డయాగ్ 288 వాచ్‌డాగ్ విషయంలో మాత్రం నాకు అనుమానం ఉంది. గెస్ట్ నిర్ణీత సమయంలో పలకకపోతే సీపీ దాన్ని తానే రీస్టార్ట్ చేస్తుంది. పేజీల కోసమో ఎలిజిబుల్ లిస్ట్‌లోనో ఆగిన గెస్ట్‌ను కూడా వాచ్‌డాగ్ చనిపోయిందనే అనుకుంటుంది. రద్దీ వేళ అలా పది గెస్ట్‌లు ఒకేసారి ఐపీఎల్ మొదలుపెడితే రద్దీ ఇంకా పెరుగుతుంది. వాచ్‌డాగ్ పెట్టినచోట గడువు ఉదారంగా ఉండాలి, రీస్టార్ట్ కంటే ముందు డంప్ ఆదేశం ఉండాలి.

డంప్‌కు ముందు, లినక్స్ పూర్తిగా పోలేదన్న ఆశ ఉంటే, 3215 కన్సోల్ నుంచే సిస్‌ఆర్‌క్యూ పంపి ప్రాసెస్‌లన్నీ ఏ ఫంక్షన్‌లో ఇరుక్కున్నాయో అచ్చు వేయించవచ్చు. చివరికి దింపాల్సి వచ్చినా, ఫోర్స్‌కు ముందు సిగ్నల్ షట్‌డౌన్ ఇచ్చి కొన్ని నిమిషాలు చూడటం మర్యాద. ఫైల్‌సిస్టమ్‌లకు అది మేలు.

ఇక ఇదంతా నేర్చుకునే చదువు సంగతి. జెడ్/వీఎం లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్, ఇంట్లో పెట్టుకునేది కాదు. కానీ రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టిన హెర్క్యులిస్ ఎమ్యులేటర్ మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. వీఎం/370 ఆరో విడుదల దాని మీద ఉచితంగా నడుస్తుంది. టీకేఆర్ కమాన్ దగ్గర గదిలో ఉండే ఇంజినీరింగ్ విద్యార్థికి దిల్‌సుఖ్‌నగర్ కోర్సు ఫీజు కట్టే స్తోమత లేకపోయినా ఇది చేయగలడు. జెడ్/ఓఎస్ వైపు నేర్చుకోవడానికి ఐబీఎం జెడ్ ఎక్స్‌ప్లోర్ ఉచితంగా ఉంది. సీపీని నేర్చుకోవడానికి మాత్రం వీఎం/370 లాంటి గురువు లేదు. ఒక గెస్ట్‌లో సీఎంఎస్ లేపి, అందులో ఆగకుండా తిరిగే చిన్న ప్రోగ్రామ్ రాసి వదలాలి. ఇంకో గెస్ట్‌ను పీఏ1తో సీపీ రీడ్‌లో పెట్టాలి. మూడోదాని తెరను హోల్డింగ్‌లో వదలాలి. నాలుగోదాన్ని డిసేబుల్డ్ వెయిట్ పీఎస్‌డబ్ల్యూ ఎక్కించి చంపాలి. తర్వాత స్నేహితుణ్ని పిలిచి, గెస్ట్‌లలోకి లాగాన్ కానివ్వకుండా, ఆపరేటర్ కన్సోల్ నుంచి ఇండికేట్, క్వెరీ ఆదేశాలతో మాత్రమే ఏది దేనికోసం ఆగిందో చెప్పమనాలి. శిక్షణ సంస్థలు ఈ ఒక్క అభ్యాసాన్ని కోర్సులో చివరి వారం పెట్టినా, మొదటి రాత్రి షిఫ్టుకు కూర్చున్నవాడు ఆ టికెట్ తెరిచి నేరుగా ఫోర్స్ కొట్టడు.